టెన్షన్ తగ్గాకే చేద్దాం అని ఆగిపోయారా? యాక్ట్ థెరపీలో చెప్పే ఫ్లెక్సిబిలిటీని ఎలా ప్రాక్టీస్ చేయాలి

"టెన్షన్‌ని యాక్సెప్ట్ చేశానండీ, అయినా పోవట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. మాటలు వేరు గానీ లోపల సంగతి ఒకటే, అందుకే ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా, ఇక ఎవరడిగినా ఇదే చూపిస్తా.

తప్పు ఆ ప్రశ్నలోనే ఉంది. టెన్షన్ పోవడం కోసం యాక్సెప్ట్ చేస్తే అది యాక్సెప్ట్ చేయడం కాదు, వీధి గుమ్మంలోంచి గెంటలేక దొడ్డిదారిన గెంటుతున్నట్టు. మనకో పాత కథ ఉంది కదా, వైద్యుడు మందిచ్చి, తాగేటప్పుడు కోతిని మాత్రం తలుచుకోకు అన్నాడట, ఇక ఆ మనిషికి మందు చూస్తే చాలు కోతే. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు ఇదే సంగతి ల్యాబులో చూపించాడు. కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి, ఐదు నిమిషాలు దాని గురించి ఆలోచించకండి, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా ఆ తర్వాత, సరే ఇక ఆలోచించుకోండి అని వదిలేస్తే, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవాళ్ళకంటే ఆపుకున్నవాళ్ళకే అది ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

థియరీ ఒక్క పేరాలో కానిచ్చేద్దాం. యాక్ట్ అంటే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ, 1980ల్లో అమెరికాలో స్టీవెన్ హేస్, ఆయన తోటివాళ్ళు కలిసి తయారుచేశారు. హేస్‌కే 1978లో తన డిపార్ట్‌మెంట్ మీటింగులో మాట్లాడబోతే గొంతు పెగలక పానిక్ ఎటాక్ వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్ళు దాంతోనే అవస్థపడ్డాడు. ఈ థెరపీ పట్టుకునేది సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీని, అంటే లోపల ఏ ఆలోచన ఉన్నా ఏ ఫీలింగ్ ఉన్నా దాన్ని వెంటబెట్టుకునే మీకు ముఖ్యమైన దానివైపు కదలగలగడం, పరిస్థితి మారితే పద్ధతి మార్చుకోగలగడం. దీనికి ఎదురు, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని కూర్చోవడం. "ధైర్యం వచ్చాకే మాట్లాడతా" అనేది అలాంటి మూడు కాళ్ళ కుందేలే.

ఒక రీసెర్చ్ మాత్రం చెప్పకుండా ఉండలేను, నాకు విషయం ఎక్కింది దానివల్లే. 2002లో సైకోసిస్‌తో (లేని గొంతులు వినపడటం, లేనివి నిజమని నమ్మడం లాంటి జబ్బు) హాస్పిటల్లో ఉన్న 80 మందిలో సగం మందికి మామూలు ట్రీట్‌మెంట్‌తో పాటు కేవలం నాలుగు సెషన్ల యాక్ట్ ఇచ్చారు. నాలుగు నెలల్లో వీళ్ళు మళ్ళీ హాస్పిటల్లో చేరడం మిగతా సగంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. విచిత్రం ఏంటంటే, మాకు లక్షణాలున్నాయి అని ఎక్కువ చెప్పుకున్నది ఈ యాక్ట్ తీసుకున్నవాళ్ళే! కానీ వాటిని నిజమని నమ్మడం తగ్గింది. అంటే గొంతులు వినపడుతున్నాయి, అయినా వాటి మాట వినట్లేదు. ఈ ఒక్కటి బుర్రకెక్కితే కింద రాసిందంతా సులువు.

ఏమేం కావాలి

ఒక నోట్‌బుక్, పెన్ను (ఫోన్‌లో రాసుకుంటే మధ్యలో ఇంకేదో చూస్తూ పోతారు, నా మాట విని కాగితమే పెట్టుకోండి), రోజుకి పదిహేను నిమిషాలు, ఓ నాలుగు వారాల ఓపిక. అన్నిటికంటే ముఖ్యంగా మీరు తప్పించుకు తిరుగుతున్న పని ఒకటి. పదికి మూడో నాలుగో కష్టం ఉన్నది తీసుకోండి, జీవితంలో అన్నిటికంటే పెద్ద భయాన్ని మొదటిరోజే తీసుకోకండి. ప్రశాంతమైన మనసు అక్కర్లేదు, మెడిటేషన్ వచ్చి ఉండాల్సిన పనీ లేదు.

మొదలుపెట్టేముందు జాగ్రత్త

చచ్చిపోవాలనిపించడం, తనని తాను గాయపరుచుకోవడం, పాత భయంకరమైన సంఘటన మళ్ళీ కళ్ళముందు జరుగుతున్నట్టు అనిపించడం, వారాల తరబడి నిద్రాహారాలు లేకపోవడం, ఇలాంటివి ఉంటే ఇది చదివి ఒంటరిగా మొదలుపెట్టకండి, ముందు డాక్టర్నో సైకాలజిస్టునో కలవండి. మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి. గుండెదడ, ఛాతీనొప్పి లాంటివి కొత్తగా వస్తుంటే టెన్షనే అనుకుని సరిపెట్టుకోకుండా ముందు డాక్టర్‌కి ఒళ్ళు చూపించుకోండి. ఇంకోటి, ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, బెదిరిస్తున్నా దాన్ని యాక్సెప్ట్ చేయమని యాక్ట్ ఎక్కడా చెప్పదు. ఒప్పుకోమనేది లోపలి ఫీలింగ్‌ని, బయటి అన్యాయాన్ని కాదు.

స్టెప్ 1: మూడురోజులు లెక్క రాయండి, ఏమీ మార్చకండి

పేజీని మూడు గడులు చేయండి. ఏం వచ్చింది, నేనేం చేశాను, దానివల్ల ఏం దక్కింది ఏం పోయింది. అంతే. నాది చూపిస్తా. నా ఫ్రెండొకడికి నాన్న పోయారు, ఆ వార్త తెలిసిన రోజు ఫోన్ చేయలేకపోయా, ఏం మాట్లాడాలో తెలీక. మర్నాడు ఇంకా కష్టమైంది, వారం దాటాక "ఇంత లేటుగా చేస్తే ఏమనుకుంటాడో" అనేది కూడా తోడైంది. నోట్‌బుక్‌లో ఇలా ఉంది:

ఏం వచ్చింది: వాడి పేరు ఫోన్‌లో కనపడింది, కడుపులో రాయి పడ్డట్టు, "నేనేం ఫ్రెండుని" అనే మాట.
ఏం చేశా: ఫోన్ బోర్లా పెట్టేసి గిన్నెలు తోమా.
ఏం దక్కింది: పది నిమిషాలు హాయి. ఏం పోయింది: ఇంకో రోజు.

ఆ "పది నిమిషాలు హాయి" అన్నదాన్ని తీసిపారేయకండి. తప్పించుకోవడం పనిచేస్తుంది, అందుకే మానలేం, కాకపోతే ఆ హాయికి వడ్డీ కడుతూ ఉంటాం. మూడురోజుల లెక్క చూసుకుంటే ఆ వడ్డీ ఎంతో మీకే తెలుస్తుంది, ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు.

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు: రెండో గడిలో పనులు కాకుండా ఫీలింగులు రాయడం. "డల్ అయిపోయా" కాదు, కెమెరా పెడితే కనపడేది రాయాలి. ఫోన్ బోర్లా పెట్టా, మెసేజ్ టైప్ చేసి డిలీట్ చేశా, తలనొప్పి అని చెప్పి పడుకున్నా, ఇలా.

స్టెప్ 2: ఎటువైపు పోవాలో ఒక్క లైనులో రాయండి

దీన్ని యాక్ట్‌లో వేల్యూస్ అంటారు. తెలుగులో విలువలు అనగానే నీతిపాఠం అనుకుంటాం, అది కాదు, ఇది దిక్కు లాంటిది. పడమర వైపు ఎంత నడిచినా పడమర అయిపోదు కదా, అలాంటిదన్నమాట. "ఉద్యోగం తెచ్చుకోవడం" గోల్, వచ్చాక టిక్ పెట్టేస్తారు. "పని శ్రద్ధగా నేర్చుకునే మనిషిగా ఉండటం" దిక్కు. నాది, "కష్టంలో ఉన్నప్పుడు పక్కన ఉండే ఫ్రెండుగా ఉండాలి".

రాశాక రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరికీ తెలియకపోయినా చేస్తానా? (కాదంటే అది మెప్పు కోసం.) శవం కూడా ఇది చేయగలదా? నవ్వకండి, నిజంగా పనికొచ్చే ప్రశ్న ఇది. "భయపడకుండా ఉండాలి", "ఎవరితో గొడవపడకూడదు", ఇవి శవం మనకంటే బాగా చేస్తుంది. అలాంటిది వస్తే కొట్టేసి, బతికున్న మనిషి చేసేది రాయండి.

ఏమీ తోచకపోతే వెనకనుంచి రండి, మీకు ఎక్కడ బాగా నొప్పి పుడుతోందో చూడండి. వాడికి ఫోన్ చేయలేదని నాకు అంత బాధ ఎందుకంటే వాడు నాకు ముఖ్యం కాబట్టి, లెక్కలేని మనిషి అయితే మర్చిపోయేవాణ్ణి.

స్టెప్ 3: ఆలోచనకి కాస్త ఎడంగా జరగండి

ఆలోచనని పట్టుకుని వాదించకండి, అది లాయర్ లాంటిది, మీరు ఒక పాయింటు చెప్తే అది పది లాగుతుంది. ఎడంగా జరగడమే. మూడు పద్ధతులు చెప్తా, మీకు కుదిరింది పట్టుకోండి.

ఒకటి, చివరో తోక తగిలించడం. "నేనేం ఫ్రెండుని" అనేదాన్ని "నేనేం ఫ్రెండుని అనే ఆలోచన వస్తోంది" అని మార్చి మెల్లగా రెండుసార్లు అనుకోండి. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది, చేసి చూడండి, గ్లాసు కళ్ళకి ఆనించుకుని ఉన్నది కాస్తా చేతిదూరంలోకి వెళ్ళినట్టు ఉంటుంది.

రెండోది, మాటని అరగదీయడం. గుచ్చుకునే ఆలోచనని ఒక్క మాటకి కుదించండి, "చేతకానివాణ్ణి", "పిరికి", ఏదైనా. టైమర్ పెట్టి ముప్ఫై సెకన్లు వేగంగా, పైకి, ఆపకుండా అనండి. కాసేపటికి అది ఉత్త శబ్దం అయిపోతుంది. ఎడ్వర్డ్ టిచెనర్ అనే పాతకాలం సైకాలజిస్టు 1916లోనే చెప్పాడు ఈ సంగతి, తర్వాత యాక్ట్ వాళ్ళు దీని మీద ప్రయోగాలు చేస్తే మాట వల్ల కలిగే ఇబ్బంది మొదటి 3 నుంచి 10 సెకన్లలోనే బాగా తగ్గిందట, నమ్మకం సడలడానికి మాత్రం 20 నుంచి 30 సెకన్లు పట్టింది. అందుకే ఐదు సెకన్లకే ఆపేసి పనిచేయలేదు అనొద్దు. ఒక హెచ్చరిక, పోయిన మనిషి పేరు, జరిగిన ఘోరం లాంటి వాటితో ఇది చేయకండి, అక్కడ వెటకారంలా తగులుతుంది. మిమ్మల్ని మీరు తిట్టుకునే మాటలకే వాడండి.

మూడోది, రాసి జేబులో పెట్టుకోవడం. ఆ ఆలోచనని చీటీ మీద రాసి రోజంతా వెంట ఉంచుకోండి. అది అక్కడే ఉంటుంది, మీ పనులు మీరు చేసుకుంటూ ఉంటారు. నాకు వ్యక్తిగతంగా దీనిమీదే గురి.

స్టెప్ 4: ఒంట్లో చోటివ్వండి

ఫీలింగ్ ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలగాలి. గొంతులోనా, ఛాతీలోనా, కడుపులోనా? ఎంత వెడల్పు, బరువుగా ఉందా, కదులుతోందా? దాని చుట్టూ కాస్త ఖాళీ చేస్తున్నట్టు ఊపిరి వదలండి. రెండు నిమిషాలు చాలు. ఇరుకు బస్సులో ఇంకో మనిషి ఎక్కితే ఒళ్ళు కాస్త సర్దుకుంటాం చూడండి, వాడు మనకి నచ్చాలని లేదు, నిలబడటానికి చోటు ఉంటే చాలు.

కొందరికి ఊపిరి మీద ధ్యాస పెడితే దడ ఇంకా పెరుగుతుంది. అలాంటివాళ్ళు కళ్ళు తెరిచే ఉంచి, అరికాళ్ళు నేలకి ఆనడం గమనించండి, చుట్టూ వినపడే శబ్దాలు మూడు లెక్కపెట్టండి, అదీ అంతే పనిచేస్తుంది. భరించలేనంతగా అయితే ఆపేయండి, రేపు చేయొచ్చు, ఇది పరీక్ష కాదు.

స్టెప్ 5: "నేను ఇంతే" అనేది దొరికితే పట్టుకోండి

చిన్న స్టెప్పే గానీ వదలకండి. "నాకు మొదట్నుంచీ సిగ్గెక్కువ", "నేను ఇలాంటివి చేసే టైపు కాదు". ఈ మాట అనుకునేటప్పుడు దాన్ని వింటున్న మీరు ఒకరున్నారు కదా, పదేళ్ళప్పుడూ చూసింది ఆ మీరే, ఇప్పుడు చూస్తున్నదీ ఆ మీరే, లేబుళ్ళు మాత్రం బోలెడు మారాయి. పాజిటివ్ లేబుల్ అతికించుకోవాల్సిన పని కూడా లేదు, "నేను ధైర్యవంతుణ్ణి" కూడా రేపు తప్పినప్పుడు మెడకే చుట్టుకుంటుంది.

స్టెప్ 6: అడుగు వేయండి, ఫీలింగ్ ఉండగానే

మొత్తం పని ఇక్కడే ఉంది, పైవన్నీ దీనికోసమే. రేపటి 24 గంటల్లో అయ్యే, ఐదు నిమిషాల్లో ముగిసే, చూస్తే కనపడే పని ఒకటి, టైమూ చోటూ పెట్టి రాయండి. "ఫ్రెండుతో టచ్‌లో ఉంటా" కాదు, "రేపు సాయంత్రం ఆరింటికి, మెట్లమీద కూర్చుని, వాడికి ఫోన్ చేస్తా". దానికిందే ఇంకో లైను, "దీన్ని చేసేటప్పుడు నాతోపాటు ఏమేం వస్తాయి": కడుపులో రాయి, నేనేం ఫ్రెండుని అనే ఆలోచన, గొంతు ఆరిపోవడం. అవి వస్తాయని ముందే రాసుకుంటే వచ్చినప్పుడు మోసపోయినట్టు ఉండదు.

నేను చేసింది ఆరింటికి కాదు, ఆరూ నలభైకి. అప్పటికి పందొమ్మిది రోజులైంది. టెన్షన్ పదికి ఎనిమిది. మూడు రింగులు వెళ్ళాయి, వాడు "చెప్పరా" అన్నాడు, నేను "ముందే చేయాల్సింది, ఏం మాట్లాడాలో తెలీక చేయలేదు" అన్నా. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు, తర్వాత వాడు వాళ్ళ నాన్న చివరి రెండురోజుల గురించి చెప్పాడు, నేను విన్నా. నాలుగు నిమిషాలు. పెట్టేశాక టెన్షన్ ఎంతో చూసుకుంటే ఏడు. అంటే దాదాపు ఏం తగ్గలేదు! కానీ నోట్‌బుక్‌లో ఆ రోజుకి టిక్ పెట్టుకున్నా, ఎందుకంటే చేయాలనుకున్నది ఫోన్, తగ్గించుకోవాలనుకున్నది టెన్షన్ కాదు.

వేయలేకపోతే? అడుగుని సగం చేయండి, ఫోన్ కష్టమైతే రెండు లైన్ల మెసేజ్. సగం కూడా కాకపోతే పావు. చిన్నది చేసుకోవచ్చు, "ధైర్యం వచ్చాక" అని వాయిదా మాత్రం వేయకండి.

స్టెప్ 7: అడుగు మార్చి చూడండి

ఇది వదిలేస్తే ఫ్లెక్సిబిలిటీ అనే పేరుకే అర్థం లేదు. ఒకే దిక్కుకి మూడు వేరువేరు అడుగులు వారంలో వేయండి. నేనైతే ఫోన్ ఒకటి, వెళ్ళి కలవడం ఒకటి, వాడికి ఏదో ఆఫీసు కాగితాల పని ఉంటే తోడు వెళ్ళడం ఒకటి. అలాగే ఎక్కడ ఆగాలో కూడా చూసుకోవాలి. ఎప్పుడూ భయంలోకి దూకడమే ఫ్లెక్సిబిలిటీ అనుకుని ఒంట్లో బాలేనిరోజు కూడా పళ్ళు బిగబట్టి చేశారనుకోండి, అది ఇంకో కొత్త మూడు కాళ్ళ కుందేలు. ఒక్కోసారి విశ్రాంతి తీసుకోవడమే మీ దిక్కువైపు అడుగు, ఒక్కోసారి అదే విశ్రాంతి తప్పించుకోవడం. బయటనుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, దేనికోసం చేస్తున్నారో మీకే తెలియాలి.

ఎక్కువమంది ఎక్కడ తప్పుతారు

మొదటిది పైనే చెప్పా, టెక్నిక్‌ని మందుబిళ్ళలా వాడటం. ఎలా కనిపెట్టాలంటే, చేసిన వెంటనే "తగ్గిందా? తగ్గిందా?" అని లోపలికి తొంగి చూస్తున్నారా, అయితే అదే. నేను మొదటి రెండువారాలు ఇదే చేశా, మాటని అరగదీసే పద్ధతి రోజుకి ఇరవైసార్లు చేశా, గోడకి కొట్టిన బంతిలా అంతే వేగంగా తిరిగొచ్చేది.

రెండోది, సర్దుకుపోవడాన్ని యాక్సెప్టెన్స్ అనుకోవడం. "నా రాత ఇంతే" అని చతికిలబడితే అడుగు ఉండదు. యాక్సెప్టెన్స్ తర్వాత కాలు కదలాలి, కదల్లేదంటే అది వేరే ఏదో.

ఆరంభ శూరత్వం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, మొదటిరోజే పది అడుగులు రాసేవాళ్ళు నాలుగోరోజు నోట్‌బుక్ ఎక్కడ పెట్టారో వెతుక్కుంటారు.

ఇంకోటి కాస్త సున్నితమైంది, పక్కవాళ్ళ మీద ప్రయోగించడం. ఏడుస్తున్న మనిషితో "అది ఉత్త ఆలోచనే కదా" అనకండి, పుండు మీద కారం చల్లినట్టే. ఇది ఎవరికి వాళ్ళు చేసుకునే పని.

పనిచేస్తోందా లేదా ఎలా చూసుకోవాలి

వారానికోసారి, ఒకేరోజు, ఈ నాలుగు రాయండి.

1. తప్పించుకు తిరుగుతున్న పనుల్లో ఈ వారం ఎన్ని చేశాను? లెక్క కావాలి, ఫీలింగ్ కాదు.
2. ఆ పాత ఆలోచన వచ్చినప్పుడు ఎంత నమ్మాను, పదికి ఎంత? ఎన్నిసార్లు వచ్చిందో రాయకండి, నమ్మకం ఎంతో రాయండి, ముందుగా కదిలేది అదే.
3. దారి తప్పాక తిరిగి రావడానికి ఎంత టైం పట్టింది? పందొమ్మిది రోజులు కాస్తా నాలుగు రోజులైతే అది పెద్ద మార్పు.
4. టెన్షన్ పదికి ఎంత? దీన్ని ఆఖర్న రాయండి, ఊరికే చూడ్డానికి.

మామూలుగా 1, 2 ముందు మారతాయి, 4 వెనకాల నెమ్మదిగా రావొచ్చు, కొందరికి రాకపోనూవచ్చు. దీర్ఘకాలం ఒంటినొప్పులున్నవాళ్ళలో ఇది బాగా కనపడుతుంది, నొప్పి అంతగా తగ్గకపోయినా నడక, పని, నలుగుర్లోకి వెళ్ళడం మెరుగవుతాయి. యాక్ట్‌ని ఎక్కువగా వాడే చోట్లలో అదొకటి. 4 పెరిగి 1 కూడా పెరిగితే కంగారుపడకండి, ఇన్నాళ్ళూ దూరంగా ఉన్నదానికి దగ్గరికి వెళ్ళారు కాబట్టి మొదట్లో అలా ఉంటుంది. 4 తగ్గి 1 కూడా తగ్గితే మాత్రం అనుమానించండి, హాయిగా ఉన్నది తప్పించుకోవడం వల్లే అయ్యుండొచ్చు.

ఈ ఫ్లెక్సిబిలిటీని కొలవడానికి ఏఏక్యూ-2 అని ఏడు వాక్యాల క్వశ్చనీర్ కూడా ఉంది, ఒక్కోదానికి 1 నుంచి 7, మొత్తం 7 నుంచి 49 దాకా వస్తుంది, ఎక్కువ వస్తే ఫ్లెక్సిబిలిటీ తక్కువని అర్థం. కావాలంటే మొదట్లో ఒకసారి, నెల తర్వాత ఒకసారి నింపండి, కానీ అది ఫ్లెక్సిబిలిటీ కంటే మామూలు బాధనే ఎక్కువ కొలుస్తోందని పరిశోధకుల్లోనే విమర్శ ఉంది, అందుకే నేను పై నాలుగు లెక్కలకే ఓటేస్తా.

నాలుగు వారాలు నిజంగా రాసి, అడుగు సగం చేసి, పావు చేసి చూసినా ఒకటో లెక్క సున్నా దగ్గరే ఉంటే ఐదో వారం ఇదే మళ్ళీ చేయకండి. నోట్‌బుక్ తీసుకుని యాక్ట్ తెలిసిన థెరపిస్టు దగ్గరికి వెళ్ళండి, మొదటి సెషన్‌లో "ఏంటి మీ సమస్య" అంటే ఆ మూడు గడుల పేజీ ముందు పెట్టండి, సగం టైం కలిసొస్తుంది.